‘టిఫిన్ చేశారా’ని ఇంగ్లీషులో ఎలా అడగాలి?

(డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులతో ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు మాట్లాడిన ప్రసంగ పాఠం)

కూర్చోండి, కూర్చోండి. వెనక బెంచీలవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

పొద్దున్న నేను గేటు దగ్గర ఆటో దిగుతుంటే మీలో ఒకమ్మాయి ఎదురొచ్చి “టిఫిన్ చేశారా మేడమ్?” అని అడిగింది. కడుపు నిండే పలకరింపు అది. చేశానమ్మా అని చెప్పి, ఇదే మాట ఇంగ్లీషులో అడుగు చూద్దాం అన్నాను. కాసేపు ఆలోచించి “డిడ్ యు డూ టిఫిన్?” అంది. అంటూనే తనే తల అడ్డంగా ఊపి “డిడ్ యు మేక్ టిఫిన్?” అంది. అదీ నచ్చక “డిడ్ యు టేక్ టిఫిన్?” అంది. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ భయపడుతూనే అడిగింది. నేను ఈ రోజు మాట్లాడదామని వచ్చింది సరిగ్గా దీని గురించే.

ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదా? వచ్చు. టిఫిన్ అనే మాట తెలుసు, గడిచిన కాలానికి ‘డిడ్’ పెట్టాలని తెలుసు. ఎక్కడ ఆగిపోయింది? మధ్యలో ఉన్న ఆ చిన్న క్రియ దగ్గర. డూ, మేక్, టేక్, హ్యావ్, గివ్. ఈ అయిదూ మీరు ఆరో తరగతిలోనే నేర్చుకున్నారు. డిగ్రీ అయ్యేదాకా ఇబ్బంది పెడుతున్నవి కూడా ఇవే. పెద్ద మాటలు ఎవరినీ ఇంతగా ఇబ్బంది పెట్టవు. ‘ఎలెక్ట్రోలిసిస్’ అనడానికి మీలో ఎవరూ తడబడరు.

ముందు ఆ మూడు ప్రయత్నాల సంగతి చూద్దాం. ‘మేక్’ అంటే తయారుచేయడం, కాబట్టి అది “వండారా?” అని అడిగినట్టు. తెలుగులో ‘చేయడం’ రెండు పనులూ చేస్తుంది. వంటింట్లో ఉన్న అమ్మని “టిఫిన్ చేశావా?” అంటే వండావా అని. ఎదురొచ్చిన టీచర్ని “టిఫిన్ చేశారా?” అంటే తిన్నారా అని. మనకి ఎప్పుడూ గందరగోళం రాదు, ఎందుకంటే సందర్భం చెప్పేస్తుంది. ‘టేక్’ అంటే అర్థమవుతుంది కానీ ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు తిండికి ఆ మాట పెద్దగా వాడరు. “సమ్‌వన్ టుక్ మై లంచ్” అంటే నా క్యారేజీ ఎవరో పట్టుకుపోయారని అర్థం. వాళ్ళు వాడేది హ్యావ్. “డిడ్ యు హ్యావ్ బ్రేక్‌ఫాస్ట్?” లేదా “హ్యావ్ యు హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్?” అంతే.

ఇప్పుడు మీకొక అనుమానం రావాలి. హ్యావ్ అంటే ‘ఉండటం’ కదా? ఐ హ్యావ్ ఎ పెన్. నా దగ్గర పెన్ను ఉంది. మరి తినడం ఎలా అయింది?

ఒటో యెస్పర్సన్ అని డెన్మార్క్ పండితుడు ఒకాయన ఉండేవాడు. 1860లో పుట్టి 1943లో పోయాడు. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు, మీలాగే నేర్చుకున్న భాష. అయినా ఇంగ్లీషు వ్యాకరణం మీద పెద్ద పెద్ద సంపుటాలు రాశాడు. 1942లో వచ్చిన ఆరో సంపుటంలో ఇలాంటి క్రియల్ని ‘లైట్’ అన్నాడు. అంటే తేలికవి, బరువు లేనివి. ‘హ్యావ్ ఎ రెస్ట్’ అన్నప్పుడు పని ఏమిటో చెప్పేది రెస్ట్. ‘టేక్ ఎ వాక్’లో చెప్పేది వాక్. ‘గివ్ ఎ షౌట్’లో షౌట్. బరువంతా నామవాచకం మోస్తోంది. క్రియ ఏం మోస్తోంది? ఇది నిన్నా, ఇవాళా, రేపా, చేసింది నువ్వా, నేనా అనే లెక్కలు మాత్రం మోస్తోంది.

ఇది మనకి కొత్తా? అసలు కాదు. మన భాష నిండా ఇవే. ‘కష్టపడ్డాడు’ అంటాం. ఎక్కడి నుంచి పడ్డాడు? ‘ఈత కొట్టాడు’ అంటాం. ఎవర్ని కొట్టాడు? ‘ఆకలి వేస్తోంది’ అంటాం. ఎవరు వేశారు, ఎక్కడ వేశారు? ‘అబద్ధం ఆడాడు’, ‘పరుగు తీశాడు’, ‘లెక్క కట్టాడు’, ‘కేక పెట్టాడు’. వీటిలో పడటం, కొట్టడం, వేయడం, తీయడం అనే క్రియలకి సొంత అర్థం దాదాపు ఖాళీ అయిపోయింది. కష్టం, ఈత, ఆకలి, పరుగు, అసలు సంగతి వాటిలో ఉంది. ఇలా మాట వెనక క్రియ చేరి కొత్త క్రియగా చిగురించడానికి మన వ్యాకరణంలో శబ్దపల్లవం అని చక్కటి పేరుంది. పల్లవం అంటే చిగురు. ‘మేలుకొను’ అలా పుట్టిందే. మేలు అని ఒకటి, కొనడం అని ఒకటి విడదీసి చూస్తే నిద్రలేవడం ఎక్కడా కనపడదు. ‘భోంచేశారా’ కూడా చూడండి. భోజనం, చేయు, రెండూ ఎంతగా కలిసిపోయాయంటే మధ్యలో కొన్ని అక్షరాలు కూడా అరిగిపోయాయి.

ఇంకో సంగతి. మీరు రోజూ వాడే ఫోన్ చేయడం, డౌన్‌లోడ్ చేయడం, ఫీల్ అవడం, అడ్జస్ట్ అవడం. సంస్కృతం నుంచి మాట వస్తే ‘ఇంచు’ తగిలించి గమనించు, పఠించు అని చేసుకున్నాం. ఇంగ్లీషు నుంచి వస్తే ‘డ్రైవించాడు’ అనం కదా. డ్రైవ్ అనే మాటని అలాగే కదలకుండా ఉంచి పక్కన ‘చేశాడు’ పెడతాం. పని తనంతట తను జరిగితే ‘అయ్యాడు’ పెడతాం. ‘అడ్జస్ట్ చేశాడు’ వేరు, ‘అడ్జస్ట్ అయ్యాడు’ వేరు. ఈ తేడా మీకు ఎవరూ నేర్పలేదు. బడికి వెళ్ళని మీ నాయనమ్మ కూడా తప్పు లేకుండా వాడుతుంది. తేలిక క్రియల విద్యలో మీరు పుట్టుకతోనే ఆరితేరారని మీకు తెలియాలి. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మరి తప్పులు ఎందుకు వస్తున్నాయి? మనం క్రియని అనువదిస్తున్నాం కాబట్టి. బరువు లేనిదాన్ని అనువదిస్తే చేతికి ఏం దొరుకుతుంది? ఎవరైనా విదేశీయుడు తెలుగు నేర్చుకుంటూ “జలుబు ‘చేస్తుంది’ ఎందుకు, నిద్ర ‘వస్తుంది’ ఎందుకు, చలి ‘వేస్తుంది’ ఎందుకు, దెబ్బ ‘తగులుతుంది’ ఎందుకు?” అని అడిగితే మీరేం చెప్తారు? “అంతే అండీ, అలాగే అంటాం” అంటారు. ఇంగ్లీషు టీచరు కూడా కొన్నిచోట్ల అదే జవాబు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడకూడదు.

అయితే అన్నిచోట్లా కాదు. హ్యావ్ విషయంలో ‘అంతే’ అని వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టు.

కొన్నేళ్ళ కిందట నా విద్యార్థి ఒకడు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాడు. కుటుంబం గురించి చెప్పమన్నారు. “ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్” అన్నాడు. బల్ల అవతల ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో చెప్పలేదు. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాట వల్లే రాలేదని నేను అనను. కానీ తర్వాత ఆరు నెలలు ఆ పిల్లాడు ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నవ్విన నోటితో ఒక్క నిమిషం వివరించి ఉంటే సరిపోయేది. ఆ నిమిషం ఇప్పుడు నేను మీకిస్తాను.

తెలుగులో హ్యావ్‌కి సమానమైన క్రియ లేదు. మనది ‘ఉండటం’. నాకు ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు. నా దగ్గర డబ్బు ఉంది. నాకు పని ఉంది. ఉన్నవాడు పక్కన నిలబడతాడు, ఉన్న వస్తువే వాక్యాన్ని నడుపుతుంది. ఇంగ్లీషులో ఉన్నవాడే కర్త. అందుకే కొన్ని అనువాదాల్లో “అతను ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాడు” అని చదివినప్పుడు మనకి పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది. అది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు.

ఇంగ్లీషు హ్యావ్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఉన్న హ్యావ్, రెండోది చేసే హ్యావ్. చెల్లెళ్ళు ఉండటం, పెన్ను ఉండటం, రెండెకరాలు ఉండటం, ఇదంతా ఉన్న హ్యావ్. అది స్థితి, జరుగుతున్న పని కాదు. కాబట్టి దానికి ‘ఇంగ్’ తగలదు. ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’, అంతే. లంచ్ తినడం, స్నానం చేయడం, పార్టీ చేసుకోవడం, ఇబ్బంది పడటం, ఇది చేసే హ్యావ్. బరువు లేని హ్యావ్ ఇదే. ఇక్కడ పని జరుగుతోంది కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’, ‘వియ్ ఆర్ హ్యావింగ్ ఎ పార్టీ’, ‘షి ఈజ్ హ్యావింగ్ ట్రబుల్’ అన్నీ నిక్షేపంగా అనొచ్చు.

ఏది ఏదో తేల్చుకోవడానికి వేరే సూత్రాలు వద్దు, మీ తెలుగునే అడగండి. మనసులో వాక్యం ‘ఉంది, ఉన్నారు’తో ముగిస్తే ఇంగ్ వద్దు. ‘చేస్తున్నా, తింటున్నా, పడుతున్నా’తో ముగిస్తే ఇంగ్ పెట్టొచ్చు. ‘చెల్లెళ్ళు ఉన్నారు’, ఇంగ్ లేదు. ‘భోంచేస్తున్నా’, ఇంగ్ ఉంది. ‘ఇబ్బంది పడుతున్నా’, ఇంగ్ ఉంది. నూటికి నూరుసార్లు అని చెప్పను గానీ చాలావరకు ఇది మిమ్మల్ని ఒడ్డున పడేస్తుంది.

ఎందుకింత పట్టు అంటే, అర్థమే మారిపోయే చోటు ఒకటుంది. ‘షి హ్యాజ్ ఎ బేబీ’ అంటే ఆవిడకి పసిబిడ్డ ఉంది. ‘షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అంటే ఆవిడ నీళ్ళోసుకుంది, బిడ్డ పుట్టబోతోంది. ‘షి హ్యాడ్ ఎ బేబీ’ అంటే ప్రసవమైంది అని కూడా. ఇక్కడ ఉన్న హ్యావ్, చేసే హ్యావ్ పక్కపక్కనే కనిపిస్తున్నాయి చూడండి. ఎవరైనా “ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్” అంటే వినేవాళ్ళకి కవలలు పుట్టబోతున్నారేమో అనిపిస్తుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఉన్న హ్యావ్‌ని బ్రిటన్‌లో కుదించి ‘ఐవ్ టూ సిస్టర్స్’ అనే వాడుక ఉంది. కానీ రోజూ స్నానం చేస్తానని చెప్పడానికి ‘ఐవ్ ఎ బాత్ ఎవ్రీ డే’ అని ఎవరూ అనరు. ‘ఐ హ్యావ్ ఎ బాత్’ అని పూర్తిగానే అనాలి. అర్థంలో తేలికైన క్రియే అయినా నోటితో అనేటప్పుడు దాన్ని మింగెయ్యడానికి లేదు.

ఇక ‘ఎ’ అనే చిన్న అక్షరం. ‘టేక్ లుక్’, ‘హ్యావ్ బాత్’ అని మనవాళ్ళు దాన్ని ఎగరగొట్టేస్తారు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అని మనమే సర్దిచెప్పుకుంటాం. కానీ ఈ చోట మాత్రం తెలుగులో దానికి చుట్టం ఉంది. ‘ఓ కునుకు తీశా.’ ‘ఓ చూపు చూడు.’ ‘ఓ నవ్వు నవ్వింది.’ ‘ఓ గుక్క తాగు.’ ఆ ‘ఓ’ ఏం చేస్తోంది? పనిని చిన్న ముక్కగా కోసి ఇస్తోంది. మొదలు, చివర ఉన్న ముక్క. ‘స్లీప్’ అంటే నిద్ర, ఎంతసేపైనా సాగొచ్చు. ‘హ్యావ్ ఎ న్యాప్’ అంటే ఓ కునుకు. ‘లుక్ ఎట్ దిస్’ అంటే చూడు. ‘హ్యావ్ ఎ లుక్ ఎట్ దిస్’ అంటే ఓసారి చూడండి. రెండోదానిలో ఎంత మెత్తదనం ఉందో చూశారా? ఆఫీసులో పై అధికారికి కాగితం చూపిస్తూ ‘లుక్ ఎట్ దిస్’ అంటే మొరటుగా ఉంటుంది. ‘కుడ్ యు హ్యావ్ ఎ లుక్?’ అంటే మర్యాద. మన ‘ఓసారి’, ‘కాస్త’, ‘చూసిపెట్టండి’ చేసే పనిని అక్కడ ఈ తేలిక క్రియ చేస్తోంది.

‘హ్యావ్ ఎ డ్రింక్’ అంటారు కదా, మరి ‘హ్యావ్ ఎన్ ఈట్’ అని ఎందుకు అనరు? అన్నా వియెజ్‌బిట్స్‌కా అని పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషావేత్త 1982లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే పెద్ద వ్యాసం రాశారు. ఇవి ఊరికే అలా వచ్చేసిన వాడుకలు కావని, వెనక ఒక పద్ధతి ఉందని చూపించారు. నాకు అర్థమైనంతలో చెప్తాను. ‘హ్యావ్ ఎ’ పెట్టే పని కాసేపు సాగాలి, దాని సుఖం చేసినవాడికే దక్కాలి, ఫలానా గమ్యం చేరాలనే తొందర ఉండకూడదు. పార్కులో ‘హ్యావ్ ఎ వాక్’ బాగుంటుంది. ఆఫీసుకి నడిచి వెళ్ళడానికి ‘హ్యావ్ ఎ వాక్ టు ది ఆఫీస్’ బాగుండదు, అది పని మీద వెళ్ళడం. నీళ్ళు ఓ గుక్క తాగి ఆపొచ్చు. తినడం అలా కాదు, పళ్ళెంలో ఉన్నది పూర్తవ్వాలి. అందుకే ‘హ్యావ్ ఎ బైట్’ ఉంది, ‘హ్యావ్ ఎన్ ఈట్’ లేదు. తెలుగులో కూడా ‘ఓ గుక్క’, ‘ఓ ముద్ద’ అంటాం గానీ ‘ఓ తినడం’ అనం.

నామవాచకం ఒకటే ఉండి క్రియ మారితే ఏమవుతుందో కూడా చూడండి. నేనిప్పుడు చేస్తున్నది ‘గివింగ్ ఎ టాక్’, ప్రసంగం. ఇదయ్యాక చెట్టు కింద కూర్చుని మనం చేసేది ‘హ్యావింగ్ ఎ టాక్’, మాటామంతీ. తల్లి ‘టేక్స్ ఎ బాత్’ అంటే తను స్నానం చేస్తుంది. బిడ్డకి ‘గివ్స్ ఎ బాత్’ అంటే నీళ్ళు పోస్తుంది. మనం ‘పోసుకోవడం’, ‘పోయడం’ అని తేడా చూపిస్తాం కదా. ఆ ‘కొను’ చేసే పనిని అక్కడ హ్యావ్, టేక్ చేస్తున్నాయి. ఫలితం నాకు, అని.

ఈ ఇవ్వడం, తీసుకోవడం తేడా తెలియకపోతే ఏమవుతుందో నా పాత విద్యార్థిని ఒకామె అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళ నాన్న లెక్కల మాస్టారు. అక్కడ స్నేహితులతో “మై ఫాదర్ టేక్స్ మ్యాథ్స్ క్లాసెస్” అందట. మన దగ్గర సార్ క్లాసు తీసుకుంటారు కదా. వాళ్ళు “ఈ వయసులో చదువుకుంటున్నారా, ఎంత గొప్ప!” అన్నారట. అమెరికాలో క్లాసు తీసుకునేది విద్యార్థి. మాస్టారు ‘టీచ్’ చేస్తాడు. పరీక్ష కూడా అంతే. మనం పరీక్ష రాస్తాం కాబట్టి ‘రైట్ ది ఎగ్జామ్’ అంటాం. హిందీవాళ్ళు పరీక్ష ఇస్తారు కాబట్టి ‘గివ్ ది ఎగ్జామ్’ అంటారు. అమెరికావాళ్ళ లెక్కలో పరీక్ష ఇచ్చేది మాస్టారు, తీసుకునేది మీరు. ఏ దేశం వాళ్ళ క్రియ వాళ్ళది. ఎదుటివాడు ఎక్కడివాడో చూసి వాడితే గొడవే లేదు.

ఈ ‘టేక్’ అనే మాట కూడా ఇంగ్లీషువాళ్ళది కాదు, తెలుసా? పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి ‘నిమన్’ అనేవారు. ఉత్తరాది సముద్రాల మీద నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ వైకింగుల భాషలో ‘తాక’ అనే మాట ఉండేది. అదే టేక్ అయి, నిమన్‌ని పక్కకి నెట్టేసింది. పాత మాట గుర్తుగా ‘నమ్’ మిగిలింది. కాలు తిమ్మిరెక్కితే నమ్ అంటామే, అది. స్పర్శని ఎవరో ‘తీసుకుపోయారు’ అని దాని మూలార్థం. అంత ఇంటి మాటనే బయటి నుంచి తెచ్చుకున్న భాష అది. మనం కాస్త తడబడితే తల దించుకోవలసిన పనేముంది?

చివరగా సాధన గురించి. క్రియ కింద పదాల పట్టిక రాసుకోకండి. ‘టేక్’ అని రాసి దాని కింద ముప్ఫై మాటలు బట్టీ పడితే పరీక్ష అయిన మర్నాడే పోతాయి. నామవాచకం పట్టుకోండి. మీ నోట ఎక్కువగా వచ్చే నామవాచకాలు ఓ ఇరవై ఉంటాయి. మిస్టేక్ ఎవరితో ఉంటుంది? మేక్‌తో. మనకి తప్పు ‘చేయడమే’ కాబట్టి ‘డిడ్ ఎ మిస్టేక్’ అనేస్తాం, అది కుదరదు. హోమ్‌వర్క్ డూతో ఉంటుంది. కేర్, పార్ట్ అనేవి టేక్‌తో, అదీ ‘ఎ’ లేకుండా. డెసిషన్ మేక్‌తోనూ ఉంటుంది, బ్రిటన్ పద్ధతిలో టేక్‌తోనూ ఉంటుంది. కొత్త మాట కనిపించినప్పుడు పక్కన ఎవరున్నారో చూసి, ఇద్దర్నీ కలిపి రాసుకోండి. పెళ్ళికి పిలిచేటప్పుడు భార్యాభర్తలిద్దర్నీ కలిపి పిలుస్తాం కదా, అలాగ.

ఇప్పుడు మీరు అడగండి. ఆ బాబు చెయ్యెత్తాడు, చెప్పు నాన్నా.

“మేడమ్, ‘టేక్ బాత్’ తప్పా?”

‘టేక్ ఎ బాత్’ అమెరికా వాడుక, ‘హ్యావ్ ఎ బాత్’ బ్రిటన్ వాడుక. రెండూ ఒప్పే. పోగొట్టుకున్నది టేక్‌ని కాదు, ‘ఎ’ని. దాన్ని తెచ్చి మధ్యలో పెట్టుకో.

“‘డోంట్ టేక్ టెన్షన్’ అనొచ్చా మేడమ్?”

మన దేశంలో ఎవరితోనైనా అను, అర్థమవుతుంది, ఆప్యాయంగా కూడా ఉంటుంది. తెలుగులో టెన్షన్ పడతాం, హిందీలో తీసుకుంటారు, అక్కడి నుంచి వచ్చింది. బయటి దేశం వాళ్ళతో అయితే ‘డోంట్ వర్రీ’ చాలు. ఇక్కడ వాళ్ళకి తేలిక క్రియే అక్కర్లేదు.

అమ్మాయీ, గేటు దగ్గర నన్ను పలకరించింది నువ్వే కదూ? చెప్పమ్మా.

“ఐ హ్యావ్ ఎ డౌట్ మేడమ్.”

‘హ్యావింగ్’ అనలేదు చూశారా! ‘ఎ’ కూడా పెట్టింది. ఒక్కటే చిన్న సంగతి, బయటివాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. అడగాలనుకున్నప్పుడు ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అను. ఇప్పుడు అడుగు, ఏమిటది?